వజూ నేర్పే బొమ్మ

ఆ రోజు పొద్దున కూడా మనవరాలు పళ్లు తోముకోగానే టాబ్లెట్ ముందేసుకుని కూర్చుంది. తెరమీద బొమ్మ పాప సలాం చెప్పింది. ఐదేళ్ల పిల్ల నోరారా బదులు చెప్పింది. అంతకుముందే అమ్మమ్మ చెప్పిన సలాం మాత్రం గాలిలో కలిసిపోయింది.

ముప్పై ఏళ్లపాటు ఇరుగుపొరుగు పిల్లలకు ఖురాన్ చదవడం, నమాజులో నిలబడడం నేర్పిన మనిషి ఆవిడ. భర్త పోయాక కూతురింటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లే లేరు. ఆ బొమ్మలు గీసేది స్వయానా కూతురే. హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం చిన్నగదిలో కంప్యూటర్ ముందే ఉంటుంది. మాట కలుపుదామని గుమ్మం దాకా వెళ్లి, కూతురి వీపు చూసి వెనక్కి రావడం ఆవిడకు అలవాటైపోయింది.

బొమ్మ నమాజుకు ముందు వజూ చేస్తూ చేతులు కడుక్కుంటోంది. మనవరాలు సింకు దగ్గర స్టూలెక్కి, తెరను చూస్తూ ఎడమ చెయ్యి ముందు కడిగింది. కుడిది కదా ముందు అంటూ ఆవిడ పట్టుకోబోతే, "బొమ్మ ఇటే కడిగింది అమ్మమ్మా," అని పిల్ల చెయ్యి లాగేసుకుంది.

ఆవిడ తిన్నగా చిన్నగదిలోకి వెళ్లి, నీ బొమ్మ తప్పు నేర్పుతోందని చెప్పింది. కూతురు తల తిప్పకుండానే విసుక్కుంది. బొమ్మ కడిగేది కుడిచెయ్యేననీ, ఎదురుగా ఉంది కాబట్టి చూసేవాళ్లకు ఎడమవైపు కనిపిస్తోందనీ, సాయంత్రానికి పని అప్పజెప్పాలనీ అంది.

"ఎదురుగా పెడితే చిన్నపిల్లలు తికమకపడరూ? నన్నడిగితే చెప్పనా?"

కూతురు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

"ఎప్పుడడిగేదమ్మా? నీ చుట్టూ ఎప్పుడూ పరాయి పిల్లలే. వాళ్లకు చెప్పేది వంటింటి తలుపు వెనక కూర్చుని విని నేర్చుకున్నాను. తప్పో ఒప్పో ఒక్కసారైనా చూశావా? అలా ఒక్కతే కూర్చున్న పిల్ల ఎక్కడైనా ఉంటే, దానికి తోడుంటాయనే ఈ బొమ్మలు గీస్తున్నా."

 తన దగ్గర చదువుకున్న పిల్లల మొహాలు ఒక్కొక్కటే ఆవిడ కళ్లముందు మెదిలాయి. తలుపు వెనక పిల్ల మొహం మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. తన బిడ్డే కదా, దానంతట అదే నేర్చుకుంటుందిలే అని అప్పట్లో అనుకుంది. ఈ ఇంట్లో ఒంటరిది తానొక్కతే అని ఇన్నాళ్లూ అనుకుంది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఫాతిహా చదువు. వింటాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

కూతురు కుర్చీ తల్లివైపు తిప్పుకుంది. నమాజులో రోజూ చదివే ఆ ఖురాన్ తొలి అధ్యాయాన్ని మెల్లగా మొదలుపెట్టింది. గొంతు లోతునుంచి పలకాల్సిన అక్షరాన్ని ఉత్త 'హ'గా పలికింది. ఇన్నేళ్లూ అలాగే చదువుతూ వచ్చింది.

"ఈ అక్షరం తలుపు దాకా వినపడి ఉండదు," అంది తల్లి. కళ్లు తుడుచుకుని, ఆ అక్షరాన్ని నెమ్మదిగా పలికి చూపించింది. "మళ్లీ చదువమ్మా."

కూతురు ఏడుస్తూనే మళ్లీ చదివింది.