మూడు కొసల కొమ్ము

చెప్పు తెగింది!

అప్పలలక్ష్మి రెండోది కూడా విసిరేసి పరిగెడుతోంది. భుజాన గోనెసంచి. అందులో కొమ్ము.

వెనక బుల్లెట్ బండి మోత... దగ్గరకొచ్చేస్తోంది!

మిట్టమధ్యాహ్నం. నర్సీపట్నం మెయిన్ రోడ్డు నిండా ఆటోలే. ఒకదాని ముందు నుంచి దూసుకుపోయింది.

"సచ్చిపోతావే పిల్లా!" ఆటోవాడి అరుపు.

చావడమా? ఇవాళ కుదరదు!

వారం నుంచీ నాన్న తాతాజీ జైల్లో ఉన్నాడు. మాకవరపాలెం దగ్గర నాలుగెకరాల జీడితోట తప్ప మరో లోకం తెలియని మనిషి. ఆయన కడితిని, అంత పెద్ద అడవి జింకని, కాల్చి చంపాడట! తోటలో తల లేని కళేబరం దొరికింది. ఫారెస్టు వాళ్లకి కబురు అందించింది పక్క తోట ధర్మారావు.

"నాకు జింకకీ మేకకీ తేడా తెల్దు బాబూ," అని రేంజర్ ముందు చేతులు కట్టుకుని మరీ చెప్పాడు, మహానుభావుడు!

"నాకు సాక్ష్యం కావాలమ్మా," అన్నాడు రేంజర్ మౌళి.

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే అప్పలలక్ష్మికి ఒళ్లు మండింది. గంట కిందట ధర్మారావు బెల్లం వండే పాకలో దూరింది. చూడాల్సింది చూసింది. సంచితో బయటికొస్తూ వాడి కంట పడింది.

దొరికిన ఆటో ఎక్కి నర్సీపట్నంలో దిగినా, వాడు బుల్లెట్ మీద వెంటాడుతూనే ఉన్నాడు. దిగిన దగ్గర్నుంచీ ఇదే పరుగు.

బస్ కాంప్లెక్స్!

జనాన్ని తోసుకుంటూ అనౌన్స్‌మెంట్ గదిలోకి దూరింది. మైకు ముందు పిన్ని గున్నమ్మ.

"చింతపల్లి వెళ్లవలసిన బస్సు..." సగంలో ఆపేసింది.

ధర్మారావు వచ్చేశాడు. చేతిలో చెరుకు నరికే కత్తి!

"సంచి ఇటియ్యి. నేదంటే నరికేత్తాను!"

"ఇవ్వను."

"ఏటన్నావ్?"

"ఇవ్వనన్నాను! నరుకుతావా బాబాయ్? నరుకు!"

ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు.

వాడే సంచి లాక్కున్నాడు. కొమ్ము బయటికి తీశాడు. అటూ ఇటూ తిప్పాడు.

గున్నమ్మ వేలు బల్ల మీద మెల్లగా కదిలింది.

"ఏటిది?"

"కడితి కొమ్ము. మూడు కొసలున్నాయి, లెక్కెట్టుకో."

"ఎవుల్ని మోసం సేత్తావే? సుక్కల దుప్పికీ మూడే! ఇది దుప్పిది. సన్నంగా, నున్నగా, ఒంపు తిరిగుంది. కడితిది మొద్దుగా ఉంటాది. సెట్టు బెరడులాగ గరుగ్గా ఉంటాది! కొట్టినోణ్ని నేను! నాకు తెల్దేటి? నేను కొట్టిన కడితి కొమ్ములేవే?"

కొమ్ములేవే... లేవే... లేవే...

ప్లాట్‌ఫాం మీద ప్రతి స్పీకర్లోనూ వాడి గొంతే!

వాడు ఉలిక్కిపడి చూశాడు. బల్ల మీద ఎర్ర లైటు. బటన్ మీద గున్నమ్మ వేలు.

అద్దం అవతల బస్సెక్కబోయేవాళ్లంతా ఆగిపోయారు. అందరి ముఖాలూ ఇటే!

"నీ పాకలోనే ఉన్నాయి బాబాయ్," అంది అప్పలలక్ష్మి. "పొయ్యి వెనకాల, పుర్రెతో సహా. నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే నీ వేలిముద్రల మీద నావి పడిపోవూ?"

వాడి చేతిలో కొమ్ము జారి కిందపడింది.

ఫట్!

రెండు ముక్కలు. లోపలంతా తెల్లటి సుద్ద.

"కాలేజీ ల్యాబ్‌ది," అంది. "పిల్లలకి నెల్లాళ్లు చెప్పినా దుప్పిదేదో కడితిదేదో తికమక పడతారు. నువ్వు మాత్రం చూడగానే చెప్పేశావు!"

కత్తి పైకి లేచింది...

"కత్తి దించు!"

గుమ్మంలో రేంజర్ మౌళి. చేతిలో రివాల్వర్! పాక దగ్గర్నుంచే ఆయనకి ఫోన్ చేసి కాంప్లెక్స్‌కి రమ్మంది అప్పలలక్ష్మి.

ఖంగుమని కత్తి నేల మీద పడింది.

అప్పలలక్ష్మి ఆయన వంక చూడనైనా చూడలేదు. కళ్లు చెమర్చాయి. మైకు తన వైపు లాక్కుంది.

"మాకవరపాలెం తాతాజీ ఏ కడితినీ చంపలేదు! అందరూ విన్నారుగా?"