గోరింట వీపు

"గుర్రం వీపులో లోపం ఉంది," అంది జీను.

కొర్రా లింగన్నకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొహంలో ఉంది లోపం!" అంటూ పట్టీలు విప్పి, జీనును గుర్రం మీంచి లాగి పాకలో గడ్డిమీద పడేశాడు. జీనుకు కోపం రాదు. అదే మర్యాదైన గొంతుతో, "ఇది రెండో నివేదిక. మూడోది నమోదైతే గుర్రాన్ని పని నుంచి తప్పిస్తారు. ధన్యవాదాలు," అని చెప్పి ఊరుకుంది.

ధన్యవాదాలట! కొంప ముంచేవాళ్ళకే ఇంత మర్యాద ఎక్కడినుంచి వస్తుందో!

రెండు వేల తొంభై రెండో సంవత్సరానికి లంబసింగి నుంచి డౌనూరు దాకా ఘాట్ మీద ఒక్క ఇంజనూ తిరగడం లేదు. ఏటేటా కొండచరియలు జారిపడుతుంటే, బరువైన బండ్ల అదురే కారణమని తేల్చి రోడ్డునే ఎత్తేశారు. తర్వాత డ్రోన్లను పంపి చూశారు. అవి పొగమంచులో ఒకదాన్నొకటి గుద్దుకుని కాఫీ గింజల్ని అడవిపాలు చేశాయి. చివరికి తాతల కాలంలో సంతకు సరుకు మోసిన గుర్రాలే మళ్ళీ దారికెక్కాయి. చెవికి సౌరబిళ్ళ, మెడకు దారిచూపు పట్టీ తగిలించుకుని కాఫీ, మిరియాలు, పసుపు బస్తాలు కిందికి దించుతున్నాయి. చంద్రుడి మీద కాలనీలు కట్టిన మనిషి, కొండ దిగడానికి మాత్రం గుర్రాన్ని బతిమాలుకోవలసి వచ్చింది.

గుర్రాలతోపాటు జీను బాధలూ వచ్చాయి. గుర్రం వీపు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. వానాకాలం పచ్చగడ్డి మేసి గుండ్రంగా తేలుతుంది, ఎండాకాలం చిక్కిపోతుంది, బరువు మోసేకొద్దీ కండ పడుతుంది. జీనులోని గట్టి చట్రం మాత్రం కొన్ననాటి కొలతే పట్టుకుని కూర్చుంటుంది. వదులైతే రాసుకుంటుంది, బిగువైతే నొక్కుతుంది. ఎలాగైనా పుండు పడేది గుర్రానికే. సరిచేసేవాడు కింద నర్సీపట్నం నుంచి రావాలి. వస్తానన్న వారం రాడు. వచ్చినప్పుడు గుప్పెడు ఉన్ని కుక్కి, అడిగినంత డబ్బు పట్టుకుపోతాడు. నెల తిరక్కుండా కథ మళ్ళీ మొదటికొస్తుంది. లింగన్న పారేసిన జీనులతో ఇంట్లో ఓ గది నిండిపోయింది. వాటి మీద తగలేసిన డబ్బుతో ఇంకో గుర్రాన్ని కొని, దానికి పెళ్ళి కూడా చేసి ఉండేవాడినని అతను కనబడినవాడికల్లా చెప్పుకునేవాడు.

అందుకే ఒదుగుజీను వచ్చిందనగానే రెండు పంటల లాభం దానికే పోసి కొన్నాడు. అందులో చెక్క చట్రం లేదు. జ్ఞాపకలోహంతో, అంటే మెమరీ అల్లాయ్‌తో అల్లిన వెన్ను ఉంది. దాని కింది మెత్తల్లో స్పర్శద్రవం అనే జెల్, ఆ ద్రవంలో ఇసుకరేణువులంత సెన్సర్లు, ఒత్తిడిగ్రాహకాలు వేలకు వేలు. గుర్రం వేసే ప్రతి అడుగులో వీపు ఎక్కడ నొక్కుకుంటోందో అవి పసిగడతాయి. ద్రవం అక్కణ్ణుంచి తప్పుకుంటుంది, లోహం వంగి సర్దుకుంటుంది. సర్దుకోలేనంత తేడా వస్తే జీను నోరు విప్పి చెబుతుంది, కొండ కింద డౌనూరు తనిఖీ గేటులోని పశువైద్యుడికీ కబురు పంపుతుంది. గాయపడిన గుర్రాన్ని ఎవరూ దాచిపెట్టి తోలకూడదని పెట్టిన ఏర్పాటు అది.

గోరింట లింగన్న చేతుల్లో పుట్టిన ఆడగుర్రం. మంచులో మనిషికి తన చెయ్యి తనకే కనబడని రోజున కూడా ఘాట్ మలుపులన్నీ దానికి తెలుసు. మూడోసారి లోపం పడితే దాన్ని మైదానంలోని ఆశ్రయానికి తోలుకుపోతారు. ఆ మాట తలుచుకుంటే చాలు, లింగన్నకు అన్నం సహించడం లేదు.

దాంతో అతనికి అందరిమీదా అనుమానం పుట్టింది. నిజానికి పుట్టడమేమిటి, అనుమానం అతనికి పాత చుట్టమే. ముందు పశువైద్యుణ్ణి అనుమానించాడు. తర్వాత కొత్త మెత్తలు అమ్ముకోవడానికి కంపెనీయే ఇలా చేస్తోందన్నాడు. ఆఖరికి గోరింట నీళ్ళతొట్టిని కూడా వాసన చూశాడు.

"బావా, నువ్వు దేవుడికైనా జేబులు తడిమిగానీ దణ్ణమెట్టవు," అన్నాడు పాంగి గాసి. గాసి లింగన్న భార్యకు తమ్ముడు. బస్తాల గుర్రాల వరసకు చివర నడిచేది అతనే. ముందు గోరింట మీద లింగన్న, మధ్యలో తాడుతో కట్టిన గుర్రాలు, వెనక గాసి. ఘాట్ మీద సరుకు దిగే పద్ధతి అది.

"నువ్వు నోర్ముయ్యరా. నీ సంగతీ సూస్తాను," అన్నాడు లింగన్న.

కంపెనీకి అతను పెట్టిన గోల భరించలేక ఒదుగుజీనును తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి స్వయంగా వచ్చింది. ఇంజన్లు రావు కనక ఆవిడా డౌనూరులో ఒక గుర్రాన్ని అద్దెకు తీసుకుని, దానిమీద ఇంకో ఒదుగుజీను వేసుకుని కొండెక్కింది. దిగీ దిగగానే లింగన్న ఆవిడ చేతిసంచీ వంక చూశాడు.

"అందులో ఏటున్నాదమ్మా?"

"పరికరాలు."

"మరి అంత బరువుగా ఎందుకున్నాది?"

"పరికరాలు కాబట్టి," అంది హైమవతి విసుగ్గా.

ఆవిడ గోరింట వీపంతా చేత్తో తడిమింది. కుడివైపు అరచేయంత మేర వేడిగా ఉంది, కండ కొద్దిగా అణిగింది. పుండు ఇంకా పడలేదు. తర్వాత జీను వేసి, తనే ఎక్కి, పాక ముందు రెండు చుట్లు తిరిగి వచ్చింది. జీను ముందున్న దీపం పచ్చగా వెలిగింది.

"లోపం లేదు," అంది జీను.

"సూసినావేట్రా గాసీ! డాక్టరమ్మ ఎక్కితే లోపం లేదంట. నానెక్కితే ఉన్నాదంట. ఇది మనిషిని సూసి మాటాడతాది!" అని లింగన్న చేతులు చరిచాడు.

హైమవతి ముఖం చిట్లించింది. జీను మనుషుల్ని చూడదు, దానికి కళ్ళు లేవు. పాకలో దుంగమీద కూర్చుని దాన్నే అడిగింది.

"లోపం ఎక్కడ?"

"గుర్రం వీపులో."

"నేను ఎక్కినప్పుడు?"

"లేదు."

"మరి తేడా ఎక్కడొచ్చింది?"

"చెప్పడానికి అనుమతి లేదు," అంది జీను.

లింగన్న మెల్లిగా లేచి నిలబడ్డాడు. "దాస్తన్నాదమ్మా. ఏదో దాస్తన్నాది. దీనికి దాయమని సెప్పినోడెవుడు?"

"డాక్టర్ హైమవతి," అంది జీను.

హైమవతికి చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు గుర్తొచ్చింది. మొదటి నమూనాలు రౌతుల్ని మొహమాటం లేకుండా తప్పుపట్టేవి. 'మీరు వంకరగా కూర్చున్నారు' అని జీను అన్న మరుక్షణం కొన్నవాడు దాన్ని విసిరికొట్టి పోయేవాడు. అమ్మకాల విభాగం నెత్తీనోరూ కొట్టుకుంది. అప్పుడు ఆవిడే ఒక చిన్న నియమం రాసింది. దానికి మర్యాదసూత్రం అని పేరు కూడా పెట్టింది. రౌతును తప్పుపట్టరాదు. లోపం ఉంటే జీనులో ఉండాలి, లేదా గుర్రంలో ఉండాలి. జీను తనను తాను సర్దుకోగలదు కాబట్టి మిగిలింది గుర్రమే. నోరులేనిది కదా, నొచ్చుకోదని ఆ రోజు అందరూ నవ్వుకున్నారు.

"తప్పు నాదే," అని ఆవిడ సంచీలోంచి కంప్యూటర్ పలక తీసి, తన అద్దె గుర్రం జీనుతో సహా ఆ పాకలో ఉన్న ఒదుగుజీనులన్నిటి నుంచీ మర్యాదసూత్రాన్ని ఒకేసారి తుడిచేసింది. "ఇప్పుడు చెప్పు."

"రౌతు ప్రతి మలుపులోనూ ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరుగుతున్నారు," అంది జీను. "తిరిగినప్పుడల్లా బరువంతా కుడివైపు పడుతోంది. అక్కడ గుర్రం కండ అణిగిపోతోంది. నేను అటు సర్దుకుంటున్నాను. నేను సర్దుకునేకొద్దీ ఆయనకు తిరగడం ఇంకా సులువవుతోంది."

"అబద్ధం!" అని అరిచాడు లింగన్న. "నానేటి, వెనక్కి తిరగడమేటి! ఒరే గాసీ, నువ్వే సెప్పు!" అంటూ, ఎడమ భుజం మీదుగా గిర్రున వెనక్కి తిరిగాడు.

గాసి పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు. "ఇంతకీ ఏటి సూస్తావు బావా, యెనక్కి? నానేనా?"

లింగన్న నేల చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, కక్కేశాడు. "పైన తూచిన బస్తా కింద తూస్తే తగ్గుతున్నాది. వరస సివరనుండేది నువ్వొక్కడివే. నానేటనుకోవాలి?"

గాసి ముఖంలో నవ్వు చచ్చిపోయింది. "నన్నా? అక్క సేతి కూడు తిన్నోణ్ణి, నీ గింజలు దొంగిలిస్తానా? ఇన్నేళ్ళు నీ యెనకాల నడిసినానే బావా, నా కళ్ళలోకి సూసి ఒక్కసారడగలేకపోనావా?"

"ఆగండి," అంది హైమవతి. "పైన మంచు. గోనె, గింజలు తడి పీల్చుకుంటాయి. కిందికి దిగేసరికి ఎండకి ఆరిపోతాయి. తగ్గేది తడి బరువు. ఎవరూ ఏమీ తియ్యడం లేదు."

"అలాగంటారా," అన్నాడు లింగన్న. నమ్మాలని ఉంది, నమ్మడం చేతకావడం లేదు. తప్పైపోయిందిరా అని గాసి భుజం మీద చెయ్యి వేశాడు. గాసి ఆ చెయ్యి దులిపెయ్యలేదు, అలాగని దగ్గరికీ జరగలేదు.

ఉపాయం హైమవతే చెప్పింది. గాసి ముందు గోరింట మీద కూర్చుంటే, లింగన్న వరస చివర నడుస్తాడు. బస్తాలన్నీ కళ్ళెదుటే ఉంటాయి, వెనక్కి తిరిగే పనే ఉండదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున ఆవిడ ముందుగా దిగి డౌనూరు గేటు దగ్గర పశువైద్యుడితోపాటు ఎదురుచూస్తూ కూర్చుంది.

"జీను మీ భాషలో ఏమన్నా అననీ," అన్నాడు ఆ వైద్యుడు, పెద్దాయన. "వీపుమీద తోలు తెగితే మాత్రం గుర్రాన్ని ఉంచుకుంటాను. తర్వాత నన్నేమీ అనకండి."

గుర్రాలు గేటు దాటాయి. హైమవతి పరుగున వెళ్ళి గోరింట వీపు తడిమింది. కుడివైపు నిన్నటికంటే వేడిగా ఉంది. చెయ్యి తగలగానే గుర్రం ఒళ్ళంతా వణికించింది.

"గుర్రంలో లోపం లేదు," అంది జీను. "రౌతు మారారు. ప్రతి మలుపులోనూ ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరుగుతున్నారు."

"గాసీ! నువ్వు కూడానా?" అంది హైమవతి.

"ఏటి సెయ్యమంటారు డాక్టరమ్మా," అన్నాడు గాసి, గోరింట మెడ నిమురుతూ. "నిన్నటిదాకా నాకీ రోగం లేదు. నన్ను దొంగననుకున్నాడని తెలిసినాక రేతిరంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు యెనకాలున్నది బావ. ఓ బస్తా విప్పి నాలుగు గుప్పిళ్ళు పారబోసి, అదిగో సూడండని నామీదకి తోస్తే? సూడకుండా ఎలాగుంటాను?"

"నానంత పని సేస్తానట్రా!" అన్నాడు లింగన్న.

"నాను సేస్తాననుకోలేదా నువ్వు?"

లింగన్న గోరింట కళ్ళెం అందుకుని దాన్ని వైద్యుడి వైపు నడిపించాడు.

పశువైద్యుడు భూతద్దంలాంటి కటకం పెట్టి చూశాడు. "తోలు తెగలేదు. ఇంకొక్కసారి ఎవరైనా ఎక్కితే మాత్రం తెగుతుంది," అని తేల్చేశాడు.

"అయితే ఎవ్వరూ ఎక్కొద్దు," అన్నాడు లింగన్న. అంత త్వరగా అతను దేన్నీ ఒప్పుకోవడం గాసి ఎన్నడూ చూడలేదు. "దానికి దారి తెలుసు. నాను పుట్టించినదాన్ని నాకు తెలీదా? ఖాళీగా ముందు నడుస్తాది. నాను నడిసి సస్తాను. ఇదిగో, ఈణ్ణి నా పక్కనే నడిపించుకుంటాను."

"నాను పక్కన నడిస్తే నువ్వు పక్కకి సూస్తావు," అన్నాడు గాసి.

"సూస్తే నా మెడే కదరా నొప్పెడతాది. దాని వీపు కాదు కదా," అన్నాడు లింగన్న. అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో హైమవతి కూడా కొండెక్కింది. రౌతు లేకుండా గోరింట ఎలా నడుస్తుందో చూడాలని. తీరిగ్గా రాయవలసిన నివేదిక గురించి ఆలోచిస్తూ గోరింట వెనకాలే తన అద్దె గుర్రం మీద కూర్చుంది. మనుషులంటే ఇంతే, ఎంత మంచి పరికరం ఇచ్చినా తమ వంకర బుద్ధిని దానిమీద రుద్దుతారని మొదటి వాక్యం కూడా మనసులో తయారైపోయింది. మర్యాదసూత్రాన్ని అన్ని జీనుల నుంచీ తీసెయ్యమని కంపెనీతో పోట్లాడాలనీ అనుకుంది. ఆవిడ వెనక ఖాళీ గోనెల గుర్రాలు, వాటి వెనక బావా బామ్మర్దులు పక్కపక్కన నడుస్తున్నారు. ఆవిడ చేతిసంచీ చివరి గుర్రం మీద ఉంది. పలక, పరికరాలు అన్నీ అందులోనే ఉన్నాయి.

మంచు దిగుతోంది. రెండు మలుపులు దాటాక వెనక వాళ్ళ మాటలు గుసగుసల్లోకి దిగాయి. తర్వాత అసలు వినబడలేదు.

"డాక్టర్ హైమవతీ," అంది ఆవిడ కింద ఉన్న జీను, మర్యాద తీసేసిన గొంతుతో. "మీరు ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరుగుతున్నారు."

"ఏటి డాక్టరమ్మా," అని మంచులోంచి లింగన్న కేకేశాడు. "సంచీ కోసమేనా?"

ఆ వెంటనే గాసి నవ్వు వినబడింది, దానితోపాటే లింగన్న నవ్వూ. హైమవతి సిగ్గుతో ముందుకు తిరిగి, రెండు చేతులతో పగ్గం గట్టిగా పట్టుకుంది. ముందు నడుస్తున్న గోరింట మాత్రం దారంతా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.