చెంపదెబ్బలా

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కకు జరిపి, కళ్లజోడు సర్దుకుని తల్లి స్క్రిప్టు చదువుతోంది. ముప్పై ఏళ్ల కిందట ఆమె రాసిన ఒకే ఒక్క కథ వారపత్రికలో వచ్చింది. సీరియళ్లు రాసే పెద్ద కూతురు ఇప్పుడు దాన్ని టీవీకి మలిచింది. పదింటికల్లా ఛానెల్‌కి పంపాలి. రాసినావిడకి తన కథ ఇంకొకరి చేతిలో పడితే గుండె పీకుతూనే ఉంటుంది మరి! ఏడో సీను దగ్గర ఆవిడ మొహం మాడిపోయింది.

"ఏమే, మీ నాన్న నన్ను కొట్టారా?"

"కథలో భర్త కొట్టాడమ్మా. నాన్న అని ఎవరన్నారు?"

"టైలరు, ముందుగదిలో మిషను, ఇద్దరాడపిల్లలు... ఇంకెవరే? చుట్టాలు పోల్చుకోరూ? పోయి నాలుగేళ్లయిన మనిషి మీద ఇంత అభాండమా! ఆయన చెయ్యెత్తి ఎరుగరు."

"నువ్వు రాసిందేగా!" కూతురు పాత పత్రిక తెరిచి చదివింది. "'ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆయన మాట్లాడలేదు. ఆ మౌనం చెంపదెబ్బలా తగిలింది.'"

"'లా' అని ఉంది కదే!"

"'లా'ని కెమెరాలో ఎలా పెట్టను? మౌనం కనిపించదు, దెబ్బ కనిపిస్తుంది."

"అయితే నా కథ నాకిచ్చెయ్. ఛానెల్‌ వాళ్ల అనుమతి కాగితం మీద సంతకం పెట్టను."

కూతురికి ఒళ్లు మండింది. మూడు నెలల కష్టం నీళ్లపాలయ్యేలా ఉంది. కానీ తల్లి పెదవులు వణకడం చూసి మెత్తబడింది.

"సరే, కొట్టలేదు. మరి అప్పుడు నాన్న ఏం చేస్తున్నారు?"

"నీ స్కూలు గౌను అంచు మడుస్తున్నారు. ఒళ్లో గుడ్డ. నోట్లో..." తల్లి ఆగిపోయింది.

"నోట్లో?"

"గుండుసూదులు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కూతురికి నవ్వాగలేదు. "నోటినిండా సూదులుంటే ఏం మాట్లాడతారమ్మా! తీసేదాకా ఆగావా?"

"ఎక్కడే! విసవిసా వంటింట్లోకి వెళ్లిపోయాను. మర్నాడు వద్దని ఉత్తరం రాసి పోస్టులో వేసి వచ్చాను. వచ్చేసరికి బల్ల మీద కొత్త సంచి కుట్టి పెట్టారు. 'ఉద్యోగం వద్దని రాసేశాను' అన్నాను. 'నీ ఇష్టం' అన్నారు, అంతే."

"ఎలాంటి సంచి?"

"గుడ్డసంచి. పదేళ్లు కూరగాయలు తెచ్చాను దాన్లో. లోపల సన్నగా, పొడుగ్గా జేబొకటి. పచ్చిమిరపకాయలకేమో అనుకున్నాను."

"పెన్నుకమ్మా" అంది కూతురు మెల్లగా.

తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ముందు ఆ దెబ్బ కొట్టెయ్. సూదులు రాయి. సంచి రాయి. అప్పుడు పెడతాను సంతకం."

కూతురు టైపు చేస్తూ చేస్తూ తలెత్తింది. "నాన్న ఈ కథ చదివారా?"

"అచ్చయిన రోజే చదివారు. రెండుసార్లు. 'బాగా రాశావు' అన్నారు." ఆవిడ పాత పత్రిక మూసేసింది. "'పిచ్చిదానా, నేను వద్దనలేదు' అని ఒక్కసారి అనొచ్చు కదే!"

కూతురు లాప్‌టాప్ మూసేసి తల్లిని దగ్గరకు తీసుకుంది. పదిన్నరకి ఛానెల్ నుంచి ఫోన్ వస్తే, ఆ సీను మళ్లీ రాస్తున్నామని చెప్పింది.