టాక్సీకి నాలుగో తలుపు

"గారిక్ చేత నేరం ఒప్పించాలి. ఆ పని నీదే," అన్నాడు మేజర్ థొరాల్డ్.

సీక్రెట్ సర్వీసులో టారంట్ చేత ఓనమాలు దిద్దించింది గారిక్. నిన్నటిదాకా లండన్‌లోని పిమ్లికో పేటలో, ఒక రహస్య గృహంలో, హంగరీ నుంచి పారిపోయి వచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ హాలాస్‌కి కాపలా ఉన్నదీ ఆయనే. శత్రువులకి రహస్యాలు అమ్మాడని ఈ పొద్దున ఆయన్నే సెల్లో పడేశారు. నేరం రుజువైతే ఆయన బతుకంతా జైల్లోనే తెల్లారిపోతుంది.

"సాక్ష్యం?" అడిగాడు టారంట్.

సోహోలోని ప్రొజెక్షన్ గదిలో దీపాలు ఆరిపోయాయి. తెర మీద వాన. నల్ల టాక్సీ ఒకటి ఆగింది. టోపీ, మఫ్లర్‌తో గారిక్ దిగి, ఎదురొచ్చిన విదేశీ గూఢచారి చేతిలో ఒక కవరు పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇది యాభై ఆరు నవంబరులో తీసింది. పారిపోయి వస్తూ మా వాళ్ళ దగ్గర కొట్టుకొచ్చాను," అంది ఇలోనా సార్కా. ఈ మధ్యే శత్రువులను వదిలి ఇటు వచ్చిన డబుల్ ఏజెంట్. ఆమె ఫర్ కోటు విప్పితే ఆఫీసులో టైపు మిషన్లన్నీ ఆగిపోతాయి. "ఇక నేను వెళ్ళాలి. డాక్టర్ గారు ఒంటరిగా ఉన్నారు," అంటూ లేచి వెళ్ళింది.

డాక్టర్ భాష వచ్చింది ఆమెకే కనుక గారిక్ స్థానంలో ఆమెను వేశారు. ఎలుకల్ని కాయడానికి పిల్లిని పెట్టినట్టు.

టారంట్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. "మళ్ళీ వెయ్యండి."

మూడోసారి వేసేసరికి మేజర్ విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు చూస్తావయ్యా?"

"అక్కడ ఆపండి. సార్, డ్రైవరు పక్కన సామాను పెట్టే చోటు చూడండి."

"తలుపుంది. అయితే?"

"యాభై ఆరులో తిరిగిన ఆస్టిన్ టాక్సీకి మూడే తలుపులు. ఆ చోటు బోసిగా ఉండేది. నాలుగు తలుపుల బండి రోడ్డెక్కింది యాభై ఎనిమిది చివర్లో. ఈ ఫిల్ము ఆ తర్వాత ఎప్పుడో తీసిన నాటకం."

"నీకెలా తెలుసు?"

"సినిమాల్లో అందరూ హీరోయిన్‌ని చూస్తారు. నేను టాక్సీల్ని చూస్తాను. అందుకే నాకింకా పెళ్ళి కాలేదు."

దూరం నుంచి వచ్చినవాళ్ళకి లండన్ టాక్సీలన్నీ ఒకటే, నల్లగా ఉంటాయంతే. గారిక్‌ని పోలిన మనిషిని, పాత కోటుని వెతికి పట్టుకున్న ఇలోనా ముఠా, టాక్సీని మాత్రం పట్టించుకోలేదు.

మేజర్ పిమ్లికోకి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

టారంట్ పిమ్లికో చేరేసరికి ఇల్లు ఖాళీ. బల్ల మీద డాక్టర్ కళ్ళజోడు పడి ఉంది. కాఫీ కప్పులో ఇంకా వెచ్చదనం ఉంది. అతను వీధిలోకి పరిగెత్తాడు. వాన, ఆఫీసులు వదిలే వేళ, ఎటు చూసినా నల్ల టాక్సీలే. ఏది ఆపాలి? ఇలోనా డాక్టర్‌ని ఓడెక్కించి దేశం దాటిస్తే కుట్రని ఒప్పుకునే మనిషే ఉండదు, గారిక్ మునిగినట్టే.

అప్పుడే వీధి మలుపులో గోల వినిపించింది. టాక్సీ ఒకటి నెత్తిన 'ఖాళీ' అనే లైటు వెలిగించుకుని, చేతులెత్తిన వాళ్ళెవరికీ ఆగకుండా పోతోంది. లోపల ఇద్దరు మనుషులున్నారు! మనిషి ఎక్కగానే లైటు ఆర్పని డ్రైవరు ఈ ఊళ్ళో పుట్టలేదు.

సిగ్నల్ దగ్గర టోపీల పెట్టె పట్టుకున్న ఒక పెద్దావిడ దానికి అడ్డం నిలబడింది. "లైటు వేసుకుని పోతావేం? పరాచికాలా?"

డ్రైవరు హారన్ నొక్కాడు. టారంట్ ఎడమ తలుపు లాగాడు. ఇలోనా చేతిలో లిప్‌స్టిక్‌లా కనిపించే బుల్లి తుపాకీ, దాని గొట్టం డాక్టర్ కణత మీద.

"కదిలితే చంపేస్తాను."

అదే క్షణంలో కుడి తలుపు తెరుచుకుంది. "జరుగమ్మా, తడిసిపోయాను," అంటూ పెద్దావిడ పెట్టెతో సహా ఇలోనా ఒళ్ళో కూలబడింది. లిప్‌స్టిక్ పేలి పైకప్పుకి చిల్లు పడింది. టారంట్ ఆ మణికట్టు మెలిపెట్టాడు.

రాత్రి భోజనాల వేళకి గారిక్ బయటికి వచ్చాడు. బెల్టు ఇంకా తిరిగివ్వలేదేమో, ప్యాంటు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు.

"నిజం చెప్పు అబ్బాయ్. ఆ ఫిల్ము చూసి నమ్మావా?"

టారంట్ తల దించుకున్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రెండుసార్లు నమ్మాను సార్. మూడోసారే తలుపు కనిపించింది."

గారిక్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మేజర్ నాకూ వేసి చూపించాడు. ఆ నటుడు నాకంటే చాలా సన్నం. మీ అందరికీ నేను అంత సన్నగా కనిపిస్తున్నందుకు క్షమించేస్తున్నాను, పద."