పదీ ఇరవై ఫోటో

ఆదివారం ఉదయం పది గంటల నలభై ఒక్క నిమిషం.

పాటల పుస్తకం మరిచిపోయిన సీతారత్నం చర్చి నుంచి ఇంటికి వచ్చింది. వెనక తలుపు గొళ్లెం ఊడి ఉంది. బీరువా బార్లా తెరిచి ఉంది. ఆరు కాసుల గొలుసు లేదు.

ఆమె పెట్టిన కేకకు పక్కనే ఉన్న చర్చిలోంచి జనమంతా పరుగెత్తుకొచ్చారు.

ఆ ఊరు మండవల్లి దాటాక కొల్లేరు అంచున ఉంటుంది. ఆ రోజు కోతకాల పండుగ. వరి కంకులు, అరటి గెలలు, బకెట్లో బతికున్న కొర్రమేనులు, ఎవరి పంటలోంచి వాళ్లు దేవుడికి తెచ్చుకున్నారు.

పదకొండూ పదికి ఎస్.ఐ. పెర్సిస్ జీపు దిగింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఆ ఊరు ఆమెకు కొత్త కాదు. తండ్రి శామ్యూల్ గారు అక్కడే ఎనిమిదేళ్లు పాస్టరుగా పనిచేశారు. ఆయన పోయి చాలా కాలమైంది.

"గొలుసు ఆఖరుసారి ఎప్పుడు చూశారండీ?"

"మా అమ్మాయి అలేఖ్య వీడియో కాల్ చేసిందండి. దానికి చూపించి బీరువాలో పెట్టి, తాళం వేసుకుని చర్చికి వెళ్లిపోయాను."

పెర్సిస్ ఫోన్ తీసుకుని చూసింది. కాల్ ముగిసింది 10.16కి. అంటే దొంగ చేతిలో ఉన్నది ఇరవై అయిదు నిమిషాలు.

వెనక తలుపు గొళ్లెం వదులని తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు సీతారత్నం మరిది జాషువా. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. రెండోవాడు యోబు. అరవై దాటిన మనిషి. చర్చి ఊడ్చి, గంట కొట్టి, గోడ గడియారానికి సెల్ మార్చేది ఆయనే. సీతారత్నం గారి వాకిలి కూడా ఆయనే ఊడుస్తాడు.

ఇద్దరూ చర్చిలోనే ఉన్నామన్నారు. అరటి బోదెల కోసం చేలోకి వెళ్లి, పదింపావుకల్లా తిరిగొచ్చాననీ, తరవాత గుమ్మం దాటలేదనీ యోబు చెప్పాడు.

తేల్చడానికి సాక్షి దొరికింది. తాడేపల్లిగూడెం నుంచి పండుగ చూడ్డానికి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ ఆనంద్ పాల్, మెడలో పాత డిజిటల్ కెమెరా వేసుకుని పొద్దుటినుంచీ ఫోటోలు తీస్తున్నాడు. ప్రతి ఫోటో మూలనా తేదీ, టైమ్ పసుపు అంకెల్లో పడతాయి.

పెర్సిస్ మెమరీ కార్డు స్వాధీనం చేసుకుని స్టేషన్ కంప్యూటర్లో పెట్టింది.

10.20 ఫోటో. జాషువా కీబోర్డు దగ్గర ఉన్నాడు. యోబు లేడు. 10.36 ఫోటోలోనూ అంతే. 10.48 ఫోటోలో యోబు అరటి బోదె కడుతూ కనిపించాడు. 10.59లోనూ, 11.08లోనూ ఉన్నాడు.

ఇంకో సంగతి ఆమెకు మరీ నచ్చింది. 10.20 ఫోటోలో వెనక చర్చి గోడ గడియారం కనిపిస్తోంది. అది కూడా పదీ ఇరవై చూపిస్తోంది. కెమెరా, గడియారం ఒకే మాట చెబుతుంటే ఇక అనుమానం దేనికి?

"పదీ ఇరవైకి ఎక్కడున్నావు?"

"చర్చిలోనేనండి."

"ఫోటోలో లేవే?"

యోబు ఫోటో వంక చాలాసేపు చూశాడు. "మేడమ్ గారండీ, ఆ గడియారం..."

"గడియారం సంగతి నేను అడగలేదు. నువ్వెక్కడున్నావో చెప్పు."

ఆయన కానిస్టేబుళ్ల వంక చూసి తల దించుకున్నాడు. మరి మాట్లాడలేదు. పెర్సిస్ ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుంది. సాయంత్రానికి రిమాండ్. ఏలూరు జైలు.

చిన్నప్పుడు ఆ మనిషిని బాబాయ్ అని పిలిచేది. ఆ రోజు గంటసేపు నువ్వు అంది. అది ఆమెకు అప్పుడు తట్టలేదు.

పదకొండు రోజులు గడిచాయి. గొలుసు దొరకలేదు. యోబు భార్య అచ్చమ్మ రోజూ వచ్చి స్టేషన్ మెట్ల పక్కన కూర్చుని వెళ్లేది. ఏమీ అడిగేది కాదు.

గురువారం పెర్సిస్ ఛార్జిషీటు రాయడానికి కూర్చుంది. ఫోటోలు కోర్టులో నిలవాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. అందులో కెమెరా నంబరు రాయాలి. ఆనంద్ పాల్‌కి ఫోన్ చేస్తే, కెమెరా ఏలూరులో నెల్సన్ షాపులో రిపేరుకిచ్చానన్నాడు.

మధ్యాహ్నం మూడున్నరకి పెర్సిస్ ఆ షాపులో ఉంది. నెల్సన్ కెమెరా విప్పి బల్ల మీద పరిచాడు. చిన్న స్క్రూలన్నీ ఒక మూతలో వేసి ఉన్నాయి.

"దీనికేమైందండీ?"

నెల్సన్ పట్టకారు మొనతో చూపించాడు. బోర్డు మీద సోల్డర్ చేసిన చిన్న బిళ్ల. అంచున పచ్చగా చిలుము పట్టింది.

"లోపలి బ్యాకప్ బ్యాటరీ అండి. పెద్ద బ్యాటరీ తీసినప్పుడు తేదీ, టైమ్ పోకుండా కాపాడేది ఇదే. చచ్చిపోయి రెండేళ్లయి ఉంటుంది."

పెర్సిస్ నంబరు రాసుకుంటున్న చెయ్యి ఆగింది.

"మరి ఫోటో మీద టైమ్ ఎలా పడుతుంది?"

"పెద్ద బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా కెమెరా టైమ్ అడుగుతుందండి. మనమేం నొక్కితే అదే టైమ్. దానికి సొంతంగా ఏమీ తెలీదు."

షాపు గుమ్మంలో నిలబడి ఆమె ఆనంద్ పాల్‌కి మళ్లీ ఫోన్ చేసింది.

"పండుగ రోజు బ్యాటరీ మార్చారా సార్?"

"మార్చానండి. చర్చికి రాగానే."

"టైమ్ దేన్ని చూసి పెట్టారు?"

"ఎదురుగా గోడ గడియారం ఉంది కదండీ. అది చూసే పెట్టాను."

పెర్సిస్ ఫోన్ పెట్టేసింది.

ఆ గడియారం అరగంట ముందు నడుస్తుంది. పాతికేళ్లుగా అంతే. ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. టైమ్ కోసం దాని వంక ఎవరూ చూడరు. తెలియనిది పైఊరి నుంచి వచ్చిన ఆనంద్ పాల్ ఒక్కడికే. మరి తనకో? తనకు తెలుసు. ఆ గడియారం ఎదురుగానే పెరిగింది. గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. కానీ యోబు గుర్తు చేయబోతే నోరు మూయించింది తనే.

నెల్సన్ పాత బిళ్ల ఊడదీసి కొత్తది సోల్డర్ చేశాడు. ఫోన్ చూసి టైమ్ పెట్టాడు. పెర్సిస్ రసీదు రాసిచ్చి కెమెరా తీసుకుంది. నెల్సన్ ముందు కూడా తలెత్తి నడవాలనిపించలేదు.

శుక్రవారం కోర్టులో తన దర్యాప్తు తప్పని రాసి మెమో వేసింది. సాయంత్రానికి యోబు బయటికొచ్చాడు. పన్నెండు రోజులు.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆమె అందరినీ చర్చిలో కూర్చోబెట్టింది. సీతారత్నం, జాషువా, ఆనంద్ పాల్, ఊరి పెద్దలు ముందు వరసలో ఉన్నారు. వెనక గుమ్మం దగ్గర యోబు, అచ్చమ్మ చాప మీద కూర్చున్నారు.

కెమెరాకు టైమ్ ఎక్కడినుంచి వచ్చిందో ఆమె చెప్పింది. గడియారం వైపు చూపించింది. జనంలో గుసగుస మొదలైంది.

"ఇంకొకటి చూడండి." 10.48 ఫోటో ఎత్తి పట్టుకుంది. "పది నలభై ఒకటికి సీతారత్నం గారు కేక పెట్టారు. ఊరంతా పరుగెత్తింది. ఏడు నిమిషాల తరవాత తీసిన ఫోటో అయితే ఇందులో ఇంతమంది ఇలా నవ్వుతూ ఉంటారా? ఇది దొంగతనం బయటపడక ముందు తీసింది. సరైన టైమ్ పది పద్దెనిమిది. నేను యోబు గారి కోసమే వెతికాను. మిగతా ముఖాలు చూడలేదు."

అరగంట తగ్గించి ఫోటోలు వరసగా పరిచింది. పది పద్దెనిమిది, పది ఇరవై తొమ్మిది, పది ముప్పై ఎనిమిది. మూడింటిలోనూ యోబు ఉన్నాడు. మూడింటిలోనూ కీబోర్డు ముందు కుర్చీ ఖాళీ.

"ఎక్కడికెళ్లారు జాషువా గారూ?"

జాషువా గోడ వైపు తిరిగాడు. తరవాత లేచి కీబోర్డు పెట్టె తెరిచి, అడుగు గుడ్డ ఎత్తి, గొలుసు తీసి వదిన ముందు పెట్టాడు.

"ఇది మా అమ్మ గొలుసండి. రేపు వదిన దాన్ని అలేఖ్య మెళ్లో వేసేస్తుందని తెలిసి ఓర్చుకోలేకపోయాను."

సీతారత్నం గొలుసు ముట్టుకోలేదు. కానిస్టేబుల్ అతణ్ణి బయటికి తీసుకెళ్లాడు. జనం మెల్లగా పండుగ నాటి తోరణాల కింద నుంచి బయటికి నడిచారు.

పెర్సిస్ వెనక్కి వెళ్లి యోబు ముందు నేల మీద కూర్చుంది. అచ్చమ్మ కంగారుపడి చాప జరిపింది.

"బాబాయ్, మీరు గట్టిగా ఎందుకు చెప్పలేదండీ?"

యోబు భార్య వంక చూశాడు. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

"చెబితే ఎందుకు ముందు పెట్టారని అడుగుతారు కదండీ. చిన్నప్పుడు మీకే, పాపగారికి, బడికీ చర్చికీ రోజూ ఆలస్యమవుతోందని మీ నాన్నగారే పెట్టించారు. మీ ఇంటి కిటికీలోంచి ఇదే కనపడేది. ఎవరికీ చెప్పొద్దు, పిల్ల చిన్నబుచ్చుకుంటుందన్నారు. కానిస్టేబుళ్ల ముందు మిమ్మల్ని ఎలా చిన్నబుచ్చనండీ?"

పెర్సిస్ గడియారం వంక చూసింది. సిగ్గుతో ఒళ్లంతా కుంచించుకుపోయింది. క్షమించమని అడగాలని రాత్రంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు లేవు. ఆయన కాళ్ల మీద చెయ్యి వేసింది. యోబు గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని లేపాడు.

"ఇంక దీన్ని సరిచేసేద్దామండి," అంటూ స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. "టైమెంత?"

పెర్సిస్ ఆనంద్ పాల్ కెమెరా ఆన్ చేసి చూసింది.

"పదీ ఇరవై."

యోబు ముల్లు వెనక్కి తిప్పి, దిగి, చేతులు దులుపుకున్నాడు.

"ప్రార్థనకు ఇంకా నలభై నిమిషాలుందండి పాపగారూ. ఈ రోజు మీరు ముందే వచ్చారు."

పెర్సిస్ తల ఎత్తలేకపోయింది.