జీవనీలి

2079లో రాయదుర్గంలో ఎవరు జీన్సు పాంటు కొన్నా షాపువాడు ఒకే మాట చెప్పేవాడు. "ఆర్నెల్లు తొడుక్కోండి సార్, దానంతటదే పాతబడుతుంది."

ఆ మాట వెనక హొన్నూరమ్మ పదకొండేళ్ల కష్టముంది. ఆమె తాత ఇంట్లో మిషన్ పెట్టుకుని జీన్సు కుట్టాడు. తర్వాత కుట్టడం రోబోల పాలైంది. వెర్రి వేయి విధాలన్నట్టు, కొత్త బట్ట పాతదానిలా ఉంటేనే జనం కొనేవారు. అందుకని ఆమె తండ్రి షెడ్డులో గాలిగొట్టంతో ఇసుక చిమ్మి, కొత్త పాంట్ల మోకాళ్లు తెల్లబరిచేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని నలభై మూడేళ్లకే పోయాడు. ఇంకెవరూ ఇలా చావకూడదని ఆమె పట్టుబట్టింది.

ఆమె కనిపెట్టిన బట్ట పేరు జీవనీలి. దాని దారంలో నీలిరంగును పట్టి ఉంచే సూక్ష్మజీవులుంటాయి. బతికున్న మనిషి చెమట, ఒంటి వేడి, ఒరిపిడి మూడూ కలిస్తేనే అవి రంగు వదులుతాయి. ఇసుకకూ లేజర్‌కూ లొంగవు. ఏ యంత్రమూ దొంగ పాతదనం తేకుండా వాటి జన్యువుల్లోనే తాళం వేసింది. ఎవరి పాంటు వాళ్ల బతుకును బట్టి వెలిసిపోవాలని ఆమె కోరిక.

రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఆ బట్టతో పాంట్లు కుట్టించి అమ్మే కంపెనీ డైరెక్టర్ ఫణీంద్ర ఆమెను పిలిపించాడు.

"పాంట్లు వాపసొస్తున్నాయి మేడమ్. కొనేవాళ్లు కుర్చీలోంచి లేవరు. ఏడాదైనా మోకాలి దగ్గర రంగు పోవడం లేదట."

"పడని కష్టం బట్టమీద ఎట్లా కనబడుతుంది?"

"వాళ్లకు కష్టం వద్దండీ, దాని గుర్తు కావాలి. మీరు దిగులుపడకండి, దారి దొరికింది."

ఆ దారేమిటో చూద్దామని మర్నాడు పొద్దున ఊరిబయట ఉన్న కంపెనీ షెడ్డుకు వెళ్లింది. రేకుల కింద నాలుగొందల మంది అమ్మకానికి పోయే కొత్త పాంట్లు తొడుక్కుని, సిమెంటు నేలమీద మోకాళ్లతో పాకుతున్నారు. వరుస చివర ఆమె తమ్ముడు ఎర్రిస్వామి. ఆమె గబగబా అతని దగ్గరికి నడిచింది.

"నువ్వెందుకురా ఇక్కడ? లెయ్. ఈ వారమే ఆ తాళం తీసేస్తా. యంత్రాలే చేసుకోనీ."

ఎర్రిస్వామి బెదిరిపోయి ఆమె పాదం పట్టుకున్నాడు.

"తీయొద్దక్కా. యంత్రాలకు చేతగాని పని ఈ ఊర్లో ఇదొక్కటే మిగిలింది. నీ పేరు చెప్పుకోని అన్నం తింటాండాం."

ఆ మాట విని పాకేవాళ్లంతా ఆగారు. మోకాళ్లమీదే ఉండి ఆమెకు చేతులెత్తి దండం పెట్టారు.