ఆటలో లేని ఉక్కు పలక

భార్య మెర్లిన్‌ను నందిగామ సమాధుల తోటలో మట్టి చేసిన రోజు సాయంత్రమే ఫ్రాన్సిస్‌కు పని అప్పగించారు. బడిపిల్లలు యూనిఫారాల్లోనే వచ్చి, వరుసగా నిలబడి, వెళ్ళిపోయారు. బంధువులు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. అతను వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండగా ఫోను మోగింది. ఆ నంబరు నుంచి వస్తే ఎత్తకుండా ఉండే వీలు లేదు.

నిఘా విభాగం చీఫ్ భారతీదేవి ముందు మెర్లిన్ గురించి రెండు మాటలు అన్నారు. ఆ రెండూ మంచి మాటలే.

“ఈ పనికి వేరేవాళ్ళను పంపనా, ఫ్రాన్సిస్?”

“ఎక్కడ మేడమ్?”

“జగ్గయ్యపేట.”

ఫ్రాన్సిస్ ఇంట్లోకి చూశాడు. రేపటి నుంచి అందులో ఏ గదిలో కూర్చోవాలో తెలియలేదు. “నేనే వెళ్తా,” అన్నాడు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. టార్గెట్ పేరు రత్నబాబు. సైన్యంలో ట్యాంక్ గన్నర్‌గా చేసి రిటైరయ్యాడు. పగలు ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. భార్య పోయాక సాయంత్రాలు ఇంట్లో ఒక్కడే. ఆ సాయంత్రాలన్నీ ‘ఐరన్ ఫర్లాంగ్’ అనే ఆన్‌లైన్ యుద్ధం ఆటలో గడుస్తాయి. లోకంలోని పాత, కొత్త ట్యాంకులన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో స్క్వాడ్‌లో ఒక్కో దేశం మనుషులు. ఏ ట్యాంకు ఉక్కు ఎంత మందం, ఏ తుపాకీ ఎంత దూరం కొట్టేది అని ఫోరమ్‌లో కొట్టుకు చస్తుంటారు. ఆ గొడవల మధ్య ఒక విదేశీ ముఠా వల వేసి కూర్చుంది. తప్పు లెక్క చెప్పి ఉడికించడం, తెలిసినవాడు ఉడుక్కుని సరైన లెక్క చూపిస్తే దాచుకోవడం. అంతే వాళ్ళ పని.

“ఆట కోసం సైనిక రహస్యం బయటపెడతారా మేడమ్?”

“డబ్బు కోసం ఇచ్చేవాణ్ణి పట్టుకోవడం తేలిక. ఈయన నిజం కోసం ఇస్తాడు,” అన్నారు భారతీదేవి.

వారం తిరక్కుండా ఫ్రాన్సిస్ ఇంటర్నెట్ కేబుల్ మనిషి అయ్యాడు. మాసిన టోపీ, భుజాన తీగచుట్ట, చొక్కా రెండో గుండీలో కెమెరా. చేతిలో తెల్లటి ఫైబర్ బాక్సు. అందులో ఢిల్లీ ల్యాబ్ అమర్చిన చిప్పు ఉంది. ఆ ఇంటి నుంచి పోయే ఫొటోను మధ్యలో పట్టుకుని, దాని బదులు నకిలీ ఫొటోను అవతలికి పంపుతుంది.

“మీ కేబులోళ్ళు వచ్చేలోపు యుద్ధమే అయిపోద్దయ్యా,” అన్నాడు రత్నబాబు తలుపు తీస్తూ. ఫ్రాన్సిస్ సార్ అని పిలిస్తే ఒప్పుకోలేదు. సార్లంతా రెజిమెంటులోనే ఉండిపోయారట. బాబాయ్ అనమన్నాడు.

బాక్సు పెట్టడానికి పది నిమిషాలు చాలు. రత్నబాబు సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. ఒకే ఒక స్టీలు గ్లాసు కడిగి టీ పోసిచ్చి, తను గిన్నెలో తాగాడు. ఆ తర్వాత ఆట చూపించాడు. తెర మీద ఒక పాత ట్యాంకు దిబ్బ దిగుతోంది. దాని పేరు ఇక్కడ రాయక్కరలేదు. సరిహద్దులో ఇప్పటికీ నడుస్తోంది. పక్క నుంచి గుండు తగిలింది. ట్యాంకు ఒక్క సెకనులో పేలిపోయింది.

“తప్పు,” అన్నాడు రత్నబాబు. “అలా పేలదు.”

ఆయన సైన్యంలో ఉన్నప్పుడు, ఎడారిలో ఫైరింగ్ ప్రాక్టీసు జరుగుతుండగా నిజంగానే ఆ ట్యాంకులో మంటలు లేచాయి. లోపల గుళ్ళు పెట్టే అర పక్కన కొత్తగా అమర్చిన ఉక్కు పలక ఆ మంటను కాసేపు ఆపింది. ఆ కాసేపట్లో గుళ్ళు నింపే జ్ఞానయ్య కమాండర్ని పైకి తోశాడు, రత్నబాబును తోశాడు. తాను రాలేకపోయాడు. జ్ఞానయ్యది కీసర. ఇద్దరూ ఒకే రోజు, ఒకే లారీ ఎక్కి సెలక్షన్‌కు వెళ్ళినవాళ్ళు.

ఆటలో ఆ పలక లేదు. అందుకని ఎవరూ బయటపడరు. ఫోరమ్‌లో రత్నబాబు ఆ సంగతి రాస్తే ఐరన్‌ఉల్ఫ్ అనేవాడు నవ్వాడు. ఆ డబ్బాలోంచి బతికి వచ్చినవాడెవడూ లేడనీ, ముసలాయన కథలు అల్లుతున్నాడనీ రాశాడు. తర్వాత మెత్తబడ్డాడు. రుజువు చూపిస్తే కంపెనీ చేత ఆట మార్పిస్తానన్నాడు. ఆ అప్‌డేట్‌కు జ్ఞానయ్య పేరే పెట్టిస్తానన్నాడు.

రుజువు ఇనప్పెట్టెలో ఉంది. రత్నబాబు దాన్ని గుడ్డతో తుడిచి చేతికిచ్చాడు. తెరిచిన ట్యాంకు టరెట్‌లో కుర్ర జ్ఞానయ్య, కొత్త పలక మీద అరచెయ్యి ఆనించి నవ్వుతున్నాడు. రత్నబాబు కంటికి అది స్నేహితుడి ఫొటో. అంతకు మించి అందులో ఇంకేదైనా ఉందని ఆయనకు తోచలేదు. ఫ్రాన్సిస్ గుండీ సర్దుకున్నాడు. కెమెరా పని చేసింది. ఆ ఫొటోతోనే ల్యాబ్ నకిలీది తయారుచేసింది.

మూడోనాడు కీసర టోల్‌గేటు దాటాక ఒక టీ హోటల్లో రోజారమణి కలిసింది. నల్ల కళ్ళద్దాలు, చిలకపచ్చ పట్టుచీర. లారీ డ్రైవర్లు టీ చల్లార్చుకోవడం మరిచిపోయి చూస్తున్నారు. ముఠాకు తెలుగు గొంతు ఆమెదే. విభాగానికి కబుర్లు మోసేదీ ఆమే, ఉల్ఫ్ ఎక్కడున్నాడో మాత్రం చెప్పదు. చివరికి ఎవరి మనిషో ఆమెకైనా తెలుసో లేదో.

“ముక్త్యాలకు ఎన్ని లారీలు వెళ్ళాయండి?” అంది.

“వాన పడ్డాక లెక్కపెట్టడం మానేశా.”

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించి, ఆదివారం ఆరాధన అయ్యాక పంపుతానని రత్నబాబు మాటిచ్చాడని చెప్పింది. ముఠాకు ఆ ఫొటోయే ఎందుకు కావాలో కూడా చెప్పింది. మనిషి చెయ్యి పక్కన ఉంది కాబట్టి పలక కొలత దొరుకుతుంది. ఎక్కడ మందమో తెలిస్తే ఎక్కడ పలచనో తెలిసినట్టే. ఆ పలచని చోటుకు సరిపడే గుండు తయారవుతోంది.

“పెద్దాయన మంచోడు,” అంది లేస్తూ. “నాతో మాట్లాడేటప్పుడు ముందు అన్నం తిన్నావా అంటాడు. ఈ పనిలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.”

ఆదివారం మధ్యాహ్నం ఫ్రాన్సిస్ లైను చెక్ చేసే నెపంతో ఆ ఇంట్లోనే ఉన్నాడు. రత్నబాబు ఇస్త్రీ చొక్కా విప్పలేదు. ఫొటోను స్కాన్ చేసి ఉంచాడు. స్పీకర్‌లో స్క్వాడ్ అంతా లైన్లో ఉంది. ఐరన్‌ఉల్ఫ్ ఇంగ్లీషులో తొందరపెడుతున్నాడు. రోజారమణి దాన్ని తెలుగులో మెత్తగా చెబుతోంది. వాళ్ళెంతసేపు లైన్లో ఉంటే, ఆట సర్వరు దగ్గర విభాగం పెట్టిన ట్రేస్ వాళ్ళ చోటుకు అంత దగ్గరవుతుంది.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. తెల్ల బాక్సు మీద దీపం ఆరిపోయింది. దానికి బ్యాటరీ పెట్టాలని ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు. ఆదివారం లైన్ల రిపేరని చెప్పి జగ్గయ్యపేటలో కరెంటు తీస్తారని వాళ్ళకేం తెలుసు. రత్నబాబు మాత్రం తొణకలేదు. ల్యాప్‌టాప్‌కు ఛార్జింగ్ ఉంది. ఫోను తీసి హాట్‌స్పాట్ పెట్టాడు. స్క్వాడ్ మళ్ళీ లైన్లోకి వచ్చింది. ఈ దారిలో బాక్సు లేదు, చిప్పు లేదు, నకిలీ ఫొటో లేదు. ఆయన వేలు మౌస్ మీదికి వెళ్ళింది.

ఫ్రాన్సిస్ ల్యాప్‌టాప్ లాక్కోవచ్చు. కానీ రేపు ఇంకో ల్యాప్‌టాప్ దొరుకుతుంది. అతను మైకు ఆపేసి, పక్కన కూర్చున్నాడు.

“బాబాయ్, అది పంపితే ఆ ట్యాంకుల్లో ఇప్పుడు కూర్చున్నవాళ్ళు పోతారు.”

రత్నబాబు తల తిప్పాడు. “నువ్వు కేబులోడివి కాదా?”

“కాదు.”

“అనుకున్నా. వస్తానన్న ఆదివారమే వచ్చావు.”

ఫ్రాన్సిస్ అంతా చెప్పాడు. పలక, చెయ్యి, కొలత, పలచని చోటు. రత్నబాబు చివరిదాకా విన్నాడు. వేలు మాత్రం అక్కడే ఉంది.

“మరి వాడు మమ్మల్ని తోశాడని ఎవరికి తెలిసుద్ది?” అన్నాడు. “అబద్ధమంటున్నారయ్యా. ఒక్కణ్ణే చెబుతుంటే నాకే అనుమానమొస్తంది.”

దానికి విభాగం ఏ జవాబూ రాసివ్వలేదు. ఫ్రాన్సిస్ తన దగ్గరున్నదే చెప్పాడు.

“మొన్న మా ఆవిడను మట్టి చేశాం బాబాయ్. లెక్కల టీచరు. సమాధి దగ్గర పాస్టరుగారు ఇంగ్లీషు టీచరన్నారు. ప్రార్థన మధ్యలో ఎలా ఆపను? ఇంటికొచ్చినవాళ్ళంతా అదే మాట. మంచి ఇంగ్లీషు టీచరమ్మ అని.”

“చెప్పలేదా నువ్వు?”

“లేదు. వాళ్ళేమన్నా, ఆమె లెక్కలే చెప్పింది.”

స్పీకర్‌లో రోజారమణి పిలిచింది. “బాబాయ్ గారూ, ఉన్నారా? మీకు వీలైనప్పుడే పంపండి. తొందర లేదు.” వెనక ఉల్ఫ్ ఏదో అరిచాడు. తొందర లేదన్నది అతని మాట కాదు.

రత్నబాబు మైకు తెరిచాడు. తెర మీద ‘సెండ్’ మీట పక్కనే జ్ఞానయ్య నవ్వుతున్నాడు.

“ఫొటో లేదమ్మా,” అన్నాడు. “ఉందనుకున్నా. లేదు.”

ఉల్ఫ్ నవ్వు వినిపించింది. “సో ఇట్ నెవర్ హ్యాపెండ్.” రోజారమణి దాన్ని తెలుగులోకి మార్చలేదు. రత్నబాబుకు ఆపాటి ఇంగ్లీషు వచ్చు. అయినా ఆయన లైను కట్ చేయలేదు. అవతలివాళ్ళు ఎగతాళి చేస్తూ లైన్లోనే ఉండిపోయారు. ఆ ఎగతాళే వాళ్ళ కొంప ముంచింది. ఫ్రాన్సిస్ ఫోనులో ఒక్క మాట మెరిసింది: దొరికారు.

నందిగామ బైపాస్ పక్క అద్దె ఇంట్లో ఐరన్‌ఉల్ఫ్‌ను రెండు పాస్‌పోర్టులతో సహా పట్టుకున్నారు. ఎడారి యుద్ధాల గురించి అంత మాట్లాడినవాడు తలుపు తట్టగానే మంచం కింద దూరాడట. రోజారమణి అప్పటికే అక్కడ లేదు. ఆమె ఎటు వెళ్ళిందో రెండు వైపులవాళ్ళూ వెతుకుతున్నారు.

భారతీదేవి ఫ్రాన్సిస్‌ను సెలవు తీసుకోమన్నారు. అతను తీసుకోలేదు. ఫొటోను విభాగం లాకర్లో పెట్టారు. రత్నబాబు అడ్డు చెప్పలేదు. జ్ఞానయ్య ముఖం వరకు ఒక కాపీ ఇస్తే చాలన్నాడు. ఇచ్చారు.

ఇప్పుడు కొన్ని సాయంత్రాలు నందిగామ నుంచి ఒకరు, జగ్గయ్యపేట నుంచి ఒకరు ఆ ఆటలో కలుస్తారు. పెద్దగా మాట్లాడుకోరు. కిందటి అప్‌డేట్‌లో కంపెనీ ఆ ట్యాంకుకు అంటుకునే బురద రంగు సరిచేసింది. గుండు తగిలితే మాత్రం అది ఇప్పటికీ ఒక్క సెకనులోనే పేలిపోతుంది. లోపలివాళ్ళెవరూ బయటికి రారు. దాన్ని ఇంకా ఎవరూ సరిచేయలేదు.